సంబంధానికీ ఒక టేబుల్

ఎండిన నేల మీద కూడా ప్రాణాన్ని నిలుపుతూ వచ్చిన దేవునికి, ఏ సంగతీ మొదలుపెట్టకముందే, నోటి నిండా స్తోత్రం. వాన కురిసిన ఏడూ ఆయనదే, మబ్బు మొహం చాటేసిన ఏడూ ఆయనదే. అనంతపురంలో పుట్టి, అక్కడే చదివి, అక్కడే ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని నేను. ఆయన కృపను పక్కన పెట్టి నా పని గురించి చెప్పడం నాకు చేతకాదు. నచ్చనివారు ఈ పేరా దాటుకుని ముందుకు పోవచ్చు. నేను మాత్రం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆయనకే మహిమ.

నేను ప్రోగ్రామర్‌గా పనిచేశాను. మా సంఘంలో నా దగ్గర సండే స్కూల్ చదువుకున్న పిల్లలు ఇప్పుడు అదే పనిలో చేరుతున్నారు. ఆరాధన అయ్యాక చెట్టు నీడన నిలబెట్టి, "ఆంటీ, నిజంగా ఆ పని ఎట్లుంటాది?" అని అడుగుతారు. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ సర్టిఫికెట్ ఇచ్చారు అన్నవి వాళ్ళకు అక్కరలేదు. నాకు ఏదో నేర్పిన సంగతులు రెండు మూడు ఉన్నాయి. అవి రాస్తాను.

లిస్టు కావాలన్న సార్

తొంభైల చివర్లో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. కరువు పల్లెల్లో పని చేసే సంస్థ. కంప్యూటర్ గదికి తలుపులు వేసినా దుమ్ము ఆగేది కాదు. కీబోర్డును తిరగేసి తడితే మా జిల్లా మట్టి రాలేది. కరెంటు పోతే యూపీఎస్ కూతపెట్టేది, ఆ కూత ఆగేలోపు సేవ్ చేసుకోవాలి. అప్పట్లో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్‌లో పని. పదేపదే సేవ్ చేసే అలవాటు నాకు ఆ గదిలోనే అబ్బింది. ఇప్పటికీ పోలేదు.

మా డైరెక్టరు ఓబుల్ రెడ్డి సారుది రాప్తాడు వైపు. వేరుశనగ పండించే కుటుంబం, తమ్ముడు రాజకీయాల్లో తిరిగేవాడు. సార్ గొంతు తగ్గించి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయన దృష్టిలో కంప్యూటర్ నుంచి వచ్చేది ఏదైనా లిస్టే. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, "ఏమ్మా సంతోషమ్మా, లిస్టు అయిందా?" అనేవాడు. కాలేదంటే, "మీ దేవుడు ఆరు దినాల్లో లోకమే చేసినాడంట గదా, నీకు ఒక లిస్టు కాదా?" అని నవ్వేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆ ఆరు దినాల్లో కరెంటు పోలేదు సార్ అని ఒకసారి అన్నాను. ఆ మాట ఆయనే ఆఫీసంతా తిరిగి చెప్పుకున్నాడు.

ఆయన దగ్గర ఒకటి నేర్చుకున్నాను. పని చేయించుకునే మనిషికి కాగితం మీద ఏం కనబడుతుందన్నదే ముఖ్యం. అందులో తప్పు లేదు, ఆ కాగితం చూపించే ఆయన నలుగురి చేత పని చేయిస్తాడు. కానీ కాగితం ఎట్లా ఉందో, లోపల వివరాలు దాచే టేబుళ్ళు కూడా అట్లాగే కట్టారంటే మునిగిపోతారు. కాగితం జవాబు మాత్రమే. ముందు ముందు రాబోయే ప్రశ్నలన్నిటికీ లోపల చోటు ఉండాలి.

హాస్టల్ పిల్లలు

వానలు లేని ఏళ్ళలో మా పల్లెలు బెంగుళూరికి వలస పోయేవి. మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, ఆలుమగలను కలిపి ముఠా కట్టి, భవనాల పనికి తీసుకుపోయేవాడు. పిల్లల్ని కూడా తీసుకుపోతే చదువు ఆగిపోతుంది. అందుకని మా సంస్థ వలస కాలంలో నడిచే హాస్టళ్ళు పెట్టింది. విడపనకల్లులో ఒకటి, చిలమత్తూరులో ఒకటి, మధ్యలో ఇంకొన్ని. అవ్వా తాతల దగ్గర మిగిలిపోయిన పిల్లలు అక్కడ తిని, పడుకుని, బడికి పోయేవారు.

రెండువేలు దాటి కొన్నేళ్ళయ్యాక, ఈ హాస్టళ్ళన్నిటికీ కలిపి ఒక వెబ్ అప్లికేషన్ కట్టమన్నారు. బయటి దేశంలో పుట్టిన ఒక కొత్త వెబ్ ఫ్రేమ్‌వర్క్, అంటే వెబ్ అప్లికేషన్లు కట్టుకునేందుకు సిద్ధంగా ఉన్న చట్రం, అప్పుడే పేరు తెచ్చుకుంటోంది. దాన్ని దించుకుని ఒంటరిగా నేర్చుకున్నాను. మొదటిసారి తెర మీద పేజీ కనబడినప్పుడు గదిలో ఎవరూ లేరు కాబట్టి పాట పాడుకున్నాను.

సార్ అడిగింది తేలికైన లిస్టే: పిల్ల పేరు, ఊరు, తల్లిదండ్రులు, మేస్త్రీ పేరు, మేస్త్రీ ఫోన్. ఒక్కో పిల్లకు ఒక్కో వరుస. అప్పట్లో కూలీల్లో చాలామంది దగ్గర మొబైల్ లేదు, మేస్త్రీ దగ్గర తప్పక ఉండేది. పిల్లకు జ్వరం వస్తే మేస్త్రీకి ఫోన్ చేస్తే సరిపోతుందని సార్ లెక్క. అందరికీ నచ్చింది. నాకూ మొదట్లో నచ్చింది.

నచ్చనిది మహబూబ్ బాషాకు. హాస్టళ్ళన్నీ తిరిగే కోఆర్డినేటర్ ఆయన. మేస్త్రీకి ఫోన్ చేస్తే సగం సార్లు, వాళ్ళు నా దగ్గర లేరప్పా అంటున్నాడని వచ్చి చెప్పాడు. ఫారాలు నింపిన వాళ్ళు తప్పు రాశారేమోనని మళ్ళీ అడిగించాం. అవే పేర్లు వచ్చాయి.

రేకుల షెడ్డులో విన్నది

ఆ నెలలో మా పాస్టరు గారు బెంగుళూరు బయలుదేరారు. పనికి పోయిన మా జిల్లా విశ్వాసులు అక్కడ ఒక భవనం పక్కన రేకుల షెడ్డులో ఆదివారం కూడుకునేవారు. నేనూ వెంట వెళ్ళాను. సిమెంటు సంచులు పరిచి కూర్చోబెట్టారు. ప్రార్థన అయ్యాక అన్నం, పప్పు పెట్టారు. తింటూ పక్కనున్న ఎస్తేరమ్మను అడిగాను. ఆమె కొడుకు మా హాస్టల్లోనే ఉన్నాడు. మీ మేస్త్రీ ఎవరమ్మా అంటే తిప్పన్న అంది. ఫారంలోనూ అదే పేరు. ఆయన ఎక్కడ, పలకరిస్తాను అన్నాను. ఆయన ఇక్కడికి రానేరాడంది.

"మడి ఈడ పని చేయించేది ఎవరు?" అన్నాను, నేనూ ఆమె భాషలోకి దిగిపోయి.

"ఆయప్ప బామ్మర్ది చిన్న నరసింహులక్కా. తిప్పన్న కాడ జనం ఎక్కువైనారు, పని తక్కువైంది. మమ్మల్ని ఈయప్పకు ఒప్పజెప్పినాడు."

"మడి ఆ పేరు రాయించల్ల గదమ్మా ఫారంలో."

ఆమె నన్ను వింతగా చూసింది. "తిప్పన్న దుడ్లు ఇచ్చి తెచ్చినాడు గదక్కా. ఇంగొకాయప్ప పేరు చెప్తే ఆయప్పకు ద్రోహం చేసినట్ల గాదా?"

మా జనం మర్యాద అది. అడ్వాన్సు ఇచ్చినవాడి పేరే చెప్తారు, సీజనంతా వేరేవాడి దగ్గర సిమెంటు మోసినా సరే. మేస్త్రీలు మనుషుల్ని ఒకరికొకరు ఒప్పజెప్పుకుంటారు. నెలకోసారి ముఠా మారుతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పిల్లకూ మేస్త్రీకీ మధ్య నేరుగా గీత గీసింది మేమే, అక్కడ అట్లాంటి గీత లేకపోయినా.

తిరుగు బస్సులో పాస్టరు గారు నిద్రపోయారు. నేను కిటికీ పక్కన కూర్చుని, ఎవరి ద్వారా ఎవరు అని వేళ్ళ మీద గుణించుకుంటూ వచ్చాను.

జత కాదు, పయనం

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఈ భాగం నిదానంగా చదవాలి.

ఒక కూలీ పలు ముఠాల్లో పనిచేస్తాడు. ఒక ముఠాలో పలువురు కూలీలు ఉంటారు. ఇట్లాంటి రెండువైపుల సంబంధానికి మా ఫ్రేమ్‌వర్క్‌లో ఒక అడ్డదారి ఉండేది. మధ్యలో ఒక చిన్న టేబుల్ పెడితే చాలు, అందులో ఒక్కో వరుసకు కూలీ నంబరు, ముఠా నంబరు. వేరే ఏ సంగతీ రాసుకునే చోటు దానికి లేదు, దానికంటూ మోడల్, అంటే దాన్ని నడిపే సొంత కోడ్, ఉండదు, పేరు కూడా ఉండదు. ఒక పూటలో అయిపోతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు.

కానీ ఫలానా కూలీ ఆ ముఠాలోకి ఎప్పుడు వచ్చాడు? ఇంకా ఉన్నాడా? ఎవరు ఒప్పజెప్పారు? ఈ సంగతులు కూలీవి కావు, ముఠావీ కావు. వాళ్ళిద్దరి మధ్య సంబంధానివి. అందుకని ఆ సంబంధానికే పూర్తి టేబుల్, పూర్తి మోడల్ కట్టాను. దానికి పయనం అని పేరు పెట్టాను. వచ్చిన రోజు, పోయిన రోజు, ఒప్పజెప్పిన మేస్త్రీ, ఆ వివరం చెప్పింది ఎవరు, అన్నీ పయనంలోనే. ముఠా మారితే పాత వరుసను చెరపం, దానికి ముగింపు రాసి కొత్త వరుస మొదలుపెడతాం. అప్పుడు ఫ్రేమ్‌వర్క్‌తో, కూలీకి ముఠాలు ఉన్నాయి, పయనాల ద్వారా అని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. మిగతాది అదే చూసుకుంటుంది.

పిల్ల నుంచి తల్లిదండ్రులు, వాళ్ళ నుంచి పయనం, అక్కడి నుంచి ముఠా, మళ్ళీ ఆ ముఠాలో ఇప్పుడున్న మిగతా కూలీలు. ఈ దారంతా ఒకే వాక్యంలో రాద్దామని చూశాను. అప్పటి వెర్షన్ ఒప్పుకోలేదు. ఒక ద్వారా మీద ఇంకో ద్వారా పెడితే ఎర్రర్ వచ్చేది. చివరికి ఆ క్వెరీని, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను, ఎస్‌క్యూఎల్ భాషలో చేత్తో రాశాను. పొడుగ్గా, అందం లేకుండా ఉండేది, సరిగ్గా పనిచేసేది. అందం లేదని దాన్ని దాచిపెట్టకండి. ఎందుకు రాశారో పైన రెండు ముక్కలు రాసి ఉంచండి.

ఆ పని చేస్తున్న రోజుల్లో నా విశ్వాసం నాకు కొత్తగా అర్థమైంది. నేను తండ్రియైన దేవుని దగ్గరికి నేరుగా పోయినదాన్ని కాను, మధ్యవర్తి అయిన ప్రభువు ద్వారా పోయినదాన్ని. ఆ మధ్యవర్తి రెండు నంబర్లను కలిపే పేరులేని గీత కాదు. ఆయనకు పేరుంది, శరీరముంది, గాయాలున్నాయి. చిన్నప్పటి నుంచి విన్న మాటే, కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు లోపలికి దిగింది.

ఓబుల్ రెడ్డి సారుకు ఇదంతా బరువనిపించింది. పయనాలు నిజంగా ఉండాలంటే ప్రతి సోమవారం మేస్త్రీలకు ఫోన్ చేసి ఎవరు వచ్చారు, ఎవరు పోయారని అడగాలి. బాషా, ఇద్దరు వార్డెన్లు ఆ పని చేసేవాళ్ళు. ఫోన్ బిల్లు చూసి సార్ నన్ను పిలిచాడు. "పిల్లోళ్ళ లిస్టు అడిగితే బెంగుళూరు చరిత్ర రాస్తాండావేమ్మా?" అన్నాడు. సంక్రాంతి అయ్యాక ఆ సోమవారం ఫోన్లు ఆపేస్తామని, మేస్త్రీ పేరు పిల్ల వరుసలోనే పెట్టేయమని చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. కాదని పెద్దగా అనలేదు కూడా, ఇంకా కొన్ని వారాలు గడువు అడిగాను. అధికారితో ప్రతి వాదనా ఆ రోజే గెలవాల్సిన పనిలేదు. పని పాడవకుండా గడువు సంపాదించినా గెలిచినట్టే.

అంజినమ్మ

విడపనకల్లు హాస్టల్లో అంజినమ్మ అని ఐదో తరగతి పిల్ల. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. నాలుగడుగులు పరుగెత్తితే పెదాలు నీలంగా మారేవి. మా జిల్లాలోని ఒక మిషన్ ఆస్పత్రికి ఆ యేడు బయటి రాష్ట్రం నుంచి గుండె సర్జన్లు వచ్చారు, కొద్దిరోజుల ఉచిత శిబిరం. అంజినమ్మను చూసి శనివారం పొద్దున ఆపరేషన్ అన్నారు. ఆ మాట మాకు తెలిసింది గురువారం. శనివారం సాయంత్రం ఆ సర్జన్లు వెళ్ళిపోతారు. వచ్చే ఏడాది దాకా ఈ పిల్ల ఆగదని డాక్టరమ్మ బాషాతో నేరుగానే చెప్పింది. తల్లో తండ్రో వచ్చి సంతకం పెట్టాలి, రక్తం కూడా ఇవ్వాలి. రాకపోతే ఆ చోటు వేరే పిల్లకు పోతుంది.

పిల్ల దగ్గర ఉన్నది అవ్వ సుంకమ్మ ఒక్కతే. నువ్వు వేలిముద్ర వెయ్యి అవ్వా, సరిపోతుందేమో అడుగుతాం అని బాషా బతిమాలాడు. ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

"వాడు లేకుండా నేను యేలుముద్ర ఏసి, బిడ్డకు ఏమన్నా అయితే, నా కొడుక్కి ఈ మొగం యాడ చూపించుకుండేది నాయనా?"

ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. తండ్రి రామాంజినేయులునే పిలిపించాలి.

శుక్రవారం పొద్దున బాషా నా గదికి వచ్చాడు. సార్ కూడా వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఊర్లో అందరూ చెప్పేది తిప్పన్న పేరే. ఆయనకే ముందు ఫోన్ చేశాం. పండగ ముందే వాళ్ళను బావమరిదికి ఒప్పజెప్పాను, ఇప్పుడెక్కడున్నారో నాకెరుక లేదన్నాడు. సార్ కోరిన లిస్టు అయితే దారి అక్కడితో ఆగిపోయేది.

తెర మీద రామాంజినేయులు పయనాలు తెరిచాను. తిప్పన్న ముఠా, ముగిసింది. చిన్న నరసింహులు ముఠా, నడుస్తోంది. వివరం మొన్న సోమవారానిదే. నరసింహులు నంబరుకు చేశాం. స్విచ్ఛాఫ్. మళ్ళీ చేశాం. అదే. మూడోసారి సారే తన ఫోన్‌లో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, దించేశాడు.

"ఇంగేం చేస్తావమ్మా?" అన్నాడు. ఆ గొంతు తగ్గి ఉండటం మొదటిసారి విన్నాను.

మనసులో ప్రభువును పిలిచి, ఆ పొడుగాటి క్వెరీ నడిపించాను. అంజినమ్మ తండ్రి ఉన్న ముఠాలో ఇప్పుడు ఇంకా ఎవరెవరున్నారు, వాళ్ళ పిల్లలు మా ఏ హాస్టల్లో ఉన్నారు, వాళ్ళలో ఎవరి దగ్గరైనా ఫోన్ ఉందా? కాసేపు తెర తెల్లగా ఉండిపోయింది. తర్వాత పేర్లు దిగాయి. చాలావరకు ఫోన్ గడి ఖాళీ. చివరన ఒక్క పేరుకు నంబరుంది. గంగాధర, చిలమత్తూరు హాస్టల్లో వాళ్ళబ్బాయి. అంజినమ్మది విడపనకల్లు. జిల్లాకు ఆ కొన, ఈ కొన. ఆ రెండు కుటుంబాలను కలిపింది బెంగుళూరులో ఒక ముఠా.

బాషా నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. వెనక సిమెంటు మిక్సర్ తిరిగే చప్పుడు.

"ఎవురు?"

"హాస్టల్ బాషానప్పా. మీ ముఠాలో రామాంజినేయులని, విడపనకల్లు దిక్కోడు, యాడుండాడు?"

"రామాంజినేయులా? ఇదో ఈడే మాలు కలుపుతాండాడన్నా. ఉండు, పిలుస్తా."

సార్ నా కుర్చీ వీపును గట్టిగా పట్టుకున్నాడు. అవతల ఎవరో ఫోన్ అందుకున్న చప్పుడైంది. అప్పట్లో ఊరి నుంచి వెతుక్కుంటూ ఫోన్ వచ్చిందంటే అది మంచి కబురు కాదు. రామాంజినేయులు ఒక్కటే అడిగాడు.

"బిడ్డ ఉండాదా సార్?"

"ఉండాదప్పా," అన్నాడు బాషా. "బాగుండాది. నువ్వు రావల్ల, అంతే."

ఆపరేషన్ సంగతి విని ఆలుమగలిద్దరూ చేతికి అంటిన సిమెంటుతోనే బస్సెక్కారు. నరసింహులు ఫోన్ నీళ్ళ తొట్టిలో పడి పాడైందని తర్వాత తెలిసింది. సాయంత్రం రాప్తాడు క్రాసు దగ్గర బస్సు ఆగేసరికి మా జీపు సిద్ధంగా ఉంది. నడిపింది డ్రైవర్ కాదు, ఓబుల్ రెడ్డి సార్. ఆస్పత్రి వరండాలో అడుగుపెట్టగానే రామాంజినేయులు కూతురి దగ్గరికి కూడా పోలేదు. "యాడ పెట్టల్లమ్మా యేలుముద్ర?" అని డాక్టరమ్మ ముందు చెయ్యి చాపి నిలబడ్డాడు. అవ్వ సుంకమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

శనివారం మధ్యాహ్నం సర్జన్ బయటికి వచ్చి, రంధ్రం మూసేశామని చెప్పాడు. నేను ఆ వరండాలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. పక్కన బాషా రెండు చేతులూ చాచి దువా చేస్తున్నాడు. సార్ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుని, నా వైపు చూడకుండానే అన్నాడు: "ఆ పయనాల టేబుల్ ఉండనీ. నేనున్నంత కాలం దాన్ని ఎవరూ ముట్టేది లేదు."

సోమవారం ఫోన్లు ఆగలేదు. ఆ బిల్లు మీద ఆయనే సంతకం పెట్టేవాడు. నెల తిరిగాక అంజినమ్మ హాస్టల్‌కు వచ్చింది. వంటమనిషి ఏం చేసిపెట్టమంటావంటే బొరుగుల ఉగ్గాని, బజ్జీ అడిగి, రెండో ప్లేటు కోసం వంటింటి దాకా పరుగెత్తిందట. ఆ పరుగు చూసిన వార్డెన్ నాకు వెంటనే ఫోన్ చేసింది. పెదాలు మామూలుగానే ఉన్నాయక్కా అంది. నా ఉద్యోగంలో ఇంతకు మించిన రిపోర్టు నాకు రాలేదు.

మీకు చెప్పేది

ఈ పని నేర్చుకునేవాళ్ళు టూల్స్ గురించి తెగ అడుగుతారు. నేను వాడిన వెర్షన్ ఇప్పుడు లేదు. నేను చేత్తో రాసిన క్వెరీ ఇప్పుడు ఒక వాక్యంలో అయిపోతుంది, మంచిదే. కానీ ఎవరు ఎవరికి ఏమవుతారో ఏ వెర్షనూ మీకు చెప్పదు. దానికి మీరు లేచి వెళ్ళాలి. సిమెంటు సంచి మీద కూర్చుని పప్పన్నం తినాలి. జనం ఇచ్చిన జవాబు మీ టేబుల్‌లో ఇమడకపోతే జనాన్ని అనుమానించకండి, మీ టేబుల్‌ను అనుమానించండి. రెండు పేర్ల మధ్య గీత గీసేముందు, ఆ గీతకు సొంత కథ ఉందేమో అడగండి. ఉంటే దానికి చోటు ఇవ్వండి.

ఇక్కడిదాకా చదివిన మీరు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో పాటు ప్రార్థించండి. మీ విశ్వాసం వేరైతే మీ పద్ధతిలోనే చేయండి.

ప్రభువా, ఈ వేళ కూడా ఎక్కడో ఒక పిల్ల మంచం మీద కాచుకుని ఉంది. ఆ పిల్ల తండ్రి ఎక్కడో మాలు కలుపుతున్నాడు, అతనికి ఇంకా కబురు అందలేదు. వాళ్ళిద్దరి మధ్య ఉన్న మనుషులు నీకు తెలుసు. వాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా మాకు చూపించు. కబురు పోయే దారి మా చేతులతో కట్టించు. అతను ఫోన్ అందుకుని భయపడుతూ అడిగే ఆ ఒక్క ప్రశ్నకు, ఉంది, బాగుంది, నువ్వు రా అని చెప్పే భాగ్యం మాకు దయచేయి. ఆమేన్.